తొమ్మిది సీసీల స్తుతి

ఖాళీని తగ్గిస్తే పుట్టే బలమా, నీకు నమస్కారం.

నువ్వు పెట్రోలు ఒక్క బొట్టు ఎక్కువ అడగవు. సిలిండరును పెద్దది చేయమనవు. లోపలికి వచ్చిన ఆ కాస్త గాలినే, ఆ గాలిలో కలిసిన ఆ కాస్త ఇంధనాన్నే, మునుపటికంటే ఇంకొంచెం దగ్గరికి తీసుకుంటావు. అంతే. ఆ దగ్గరితనంలోంచి టన్నుకు పైగా బరువున్న బండి కదులుతుంది. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, పైన సామాను కట్టించుకుని ఘాట్ ఎక్కుతుంది. పుస్తకంలో సంపీడనానివి, షెడ్డులో కంప్రెషన్‌వి, పాత డ్రైవర్ల నోట దమ్మువి. ఏ పేరుతో పిలిచినా పలుకుతావు. నిన్ను పొగడాలంటే ముందు నిన్ను కొలవాలి. నీ స్తోత్రమంతా లెక్కలోనే ఉంది.

బల్ల మీద విప్పి పరిచిన అంబాసిడర్ ఇంజన్ ముందు నిలబడి ఆ లెక్క మొదలుపెడతాను. దీని పుట్టిల్లు ఇంగ్లండు, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ సిరీస్ వంశం. మెట్టినిల్లు కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారా, హిందుస్థాన్ మోటార్స్ వారి కర్మాగారం. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారే మన దేశంలో అంబాసిడర్ అయింది. బ్లాకు పోత ఇనుము, హెడ్డూ పోత ఇనుమే. నాలుగు సిలిండర్లు, మొత్తం 1489 సీసీలు. మూడు మెయిన్ బేరింగుల మీద తిరిగే క్రాంక్‌షాఫ్టు. పక్కన కింద కామ్‌షాఫ్టు, అక్కడి నుంచి పుష్‌రాడ్ల మీదుగా పైన తెరుచుకునే వాల్వులు. బోరు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. సన్నని నడుము, బారైన అడుగు. అందుకే ఈ ఇంజనుకు తొందర తెలియదు, అలుపూ తెలియదు.

దీని చప్పుడు వినకుండా మన జిల్లాల్లో ఒక తరం పెరగలేదు. తాలూకా ఆఫీసు ముందు ఆగిన తెల్లకారు ఇదే. పెళ్లికూతురిని అత్తారింటికి తీసుకెళ్లిన బండి ఇదే. నడిరాత్రి నొప్పులొచ్చిన ఇల్లాలిని, చుట్టుపక్కల నాలుగు ఊళ్లకీ ఉన్న ఒకే ఒక్క అద్దెకారుగా, పట్నం ఆసుపత్రికి చేర్చిందీ ఇదే. అంత బరువూ మోసింది 7.2 కంప్రెషన్‌తో. పిస్టన్ అట్టడుగున ఉన్నప్పుడు దాని పైనున్న మొత్తం చోటును, పిస్టన్ పైకొచ్చి ఆగినప్పుడు మిగిలిన చోటుతో భాగిస్తే వచ్చే అంకె అది. ఏడు పాళ్ల గాలి ఒక పాలులోకి ఒదిగిందన్నమాట.

అంత తక్కువగా ఎందుకు ఉంచారు? దయతో ఉంచారు. ఆనాటి బంకుల్లో దొరికిన పెట్రోలు ఇప్పటి పెట్రోలు కన్నా బాగా బలహీనం. దానికి తోడు కిరోసిన్ కల్తీ. టాప్ గేరులోనే ఎత్తు ఎక్కించాలని చూసే డ్రైవర్లు, నెలల తరబడి ఎవరూ ముట్టుకోని టైమింగ్, సగం నీళ్లతో నడిచే రేడియేటరు. వీటన్నిటినీ సహించి బతకాలంటే ఇంజన్ కొంచెం వదులుగా ఊపిరి తీసుకోవాలి. ఆ వదులును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. లక్షల ఇళ్లకు చక్రాలిచ్చింది ఆ వదులే.

కానీ అదే తల్లి కడుపున పుట్టిన ఇంకో బిడ్డ ఉంది. ఎంజీఏ స్పోర్ట్స్ కారు. తొలి ఎంజీఏ ఇంజనుకు అదే 1489 సీసీ, అదే బోరు, అదే స్ట్రోకు. కంప్రెషన్ మాత్రం 8.3. రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు, వేరే కామ్‌షాఫ్టు కూడా దాని వేగానికి కారణాలే, నిజమే. అయినా ఆ రెండు అంకెల మధ్యనున్న దూరాన్ని చూడండి. ఒకే పోతలోంచి వచ్చిన ఇద్దరిలో ఒకరిని బరువు మోయమన్నారు, ఒకరిని పరుగెత్తమన్నారు. మోసినవాడి ఊపిరితిత్తుల్లోనూ ఆ పరుగెత్తే దమ్ము మొదటి రోజు నుంచీ ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అడుగుదాం. 1489ని నాలుగుతో భాగిస్తే ఒక్కో సిలిండరుకు 372 సీసీలు. కంప్రెషన్ 7.2 అయితే, పిస్టన్ పైకొచ్చి ఆగినప్పుడు మిగిలే చోటు 60 సీసీలు. అదే 8.3 కావాలంటే 51 సీసీలు మిగలాలి. తేడా తొమ్మిది. తొమ్మిది సీసీలు! పసిబిడ్డ నోట్లో పోసే ఉగ్గుగిన్నె అడుగున మిగిలిపోయేంత. రెండు చిన్న చెంచాలు నిండని ఆ చోటు కోసం మనుషులు ఇంజన్ దించుతారు, బ్లాకును బోరింగుకు పంపుతారు, రాత్రిళ్లు నిద్ర మానుకుంటారు. ఆ తొమ్మిది సీసీలకే ఈ స్తుతి అంతా.

నిన్ను గుర్తించడానికే మనిషికి చాలాకాలం పట్టింది, ఓ సంపీడనమా. 1860లో పారిస్‌లో లెన్వార్ చేసిన ఇంజన్‌లో నువ్వు లేవు. గ్యాసును గాలిని ఉన్నపళంగా లోపలికి లాగి, నలపకుండానే మంట పెట్టేది అది. తిన్నదంతా వేడిగా బయటికి కక్కేసేది. 1862లో బో ద రోషా అనే ఫ్రెంచి ఇంజనీరు ఒక చిన్న పుస్తకం రాశాడు. మంచి ఇంజనుకు ఉండాల్సిన లక్షణాలు చెబుతూ, అంటించబోయే ముందు గాలిని వీలైనంత గట్టిగా ఒత్తాలన్నాడు. కాగితం మీద నీకు దక్కిన గొప్ప గౌరవం అది. 1876లో జర్మనీలో నికొలాస్ ఓటో ఆ మాటకు ఇనుప శరీరం ఇచ్చాడు. పీల్చు, ఒత్తు, మండించు, వదులు. నాలుగు అడుగుల ఆ నడక నేటికీ మారలేదు. ఆ తొలి ఇంజన్‌లో నీ బలం రెండున్నర రెట్లు మాత్రమే. ఆ రెండున్నరే ప్రపంచాన్ని కదిలించింది.

నీ రహస్యం ఒత్తడంలో సగమే ఉంది. మిగతా సగం వదలడంలో ఉంది. మంట అంటుకున్నాక వాయువు పిస్టన్‌ను కిందికి తోస్తూ వ్యాకోచిస్తుంది. ఎంత చిన్న చోటులో అంటుకుంటే, అన్ని ఎక్కువ రెట్లు విచ్చుకుంటుంది. ఎన్ని ఎక్కువ రెట్లు విచ్చుకుంటే, అంత ఎక్కువ వేడిని పనిగా మార్చి, అంత చల్లబడి బయటికి పోతుంది. ఆదర్శ చక్రం లెక్కలో 7.2 దగ్గర నూటికి 54.6 పాళ్ల వేడి పనిగా మారుతుంది. 8.3 దగ్గర 57.1. నిజం ఇంజన్‌లో గోడలకు పోయే వేడి, రాపిడి, పొగగొట్టం అన్నీ తమ వాటా తీసుకుంటాయి కాబట్టి ఆ అంకెలు రెండూ బాగా తగ్గుతాయి. కానీ రెంటి మధ్య నిష్పత్తి చాలావరకు నిలుస్తుంది. ఉన్న పెట్రోలుతోనే నూటికి నాలుగు పాళ్లకు పైగా అదనపు పని. సైలెన్సరులోంచి వృథాగా పోయే వేడిని మధ్యదారిలో ఆపి చక్రాల వైపు మళ్లిస్తావు. పొదుపు, బలం ఒకేచోట దొరకడం లోకంలో అరుదు. నీ దగ్గర అవి కవలలు.

నిన్ను చేత్తో తాకవచ్చు. పాత అంబాసిడర్‌కు ముందువైపు నుంచి హ్యాండిల్ దూర్చి తిప్పే వీలుంది. ప్లగ్గులు బిగించి, ఇగ్నిషన్ కట్టేసి, బొటనవేలిని పిడికిలి చుట్టూ పోనివ్వకుండా మిగతా వేళ్ల పక్కనే ఉంచి, నెమ్మదిగా తిప్పితే ప్రతి అరచుట్టుకూ ఒకసారి నువ్వు ఎదురొస్తావు. మొదట మెత్తగా, తరవాత బిగువుగా, కొన దగ్గర మొండిగా. ఒక్క క్షణం చేతికి చేతినిచ్చి ఆగి, కొన దాటాక వదిలేస్తావు. ఒకటి, మూడు, నాలుగు, రెండు. వరసగా నాలుగు సిలిండర్లూ అరచేతికి తమ ఉనికి చెప్పుకుంటాయి. రింగులు అరిగిన సిలిండరు దగ్గర ఎదురు బలహీనంగా ఉంటుంది. వాల్వు కూర్చోని చోట సన్నగా బుస్సుమని జారిపోతుంది. వైద్యుడు నాడి పట్టుకున్నట్టే పాత మెకానిక్ హ్యాండిల్ పట్టుకునేవాడు. గేజి పెట్టకముందే ఏ సిలిండరుకు జబ్బో చెప్పేవాడు.

అంత మంచిదానివే, నీకూ ఒక హద్దు ఉంది. దాన్ని కనుక్కున్నవాళ్లలో ముందువరసలో ఉన్నవాడు హ్యారీ రికార్డో. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత ఇంగ్లండులో అతను ఈ35 అనే ఇంజన్ కట్టాడు. ఒకే సిలిండరు, కానీ నడుస్తుండగానే కంప్రెషన్ పెంచుతూ తగ్గిస్తూ పోవచ్చు. ఒక్కో రకం ఇంధనం పోసి, ఏ అంకె దగ్గర లోపల గొడవ మొదలవుతుందో విన్నాడు. హద్దు ఇనుములో లేదని, పెట్రోలులో ఉందని తేల్చాడు. ఆ దారిలోనే తరవాత అమెరికాలో ఆక్టేన్ అనే కొలత పుట్టింది. ఐసో ఆక్టేన్‌కు నూరు, హెప్టేన్‌కు సున్న అని పెట్టి, కంప్రెషన్ మార్చగలిగే ప్రత్యేకమైన ఇంజన్‌లో ప్రతి ఇంధనాన్నీ పరీక్షించే పద్ధతి నేటికీ ఉంది. మన బంకులో పోసుకునే ప్రతి లీటరు పెట్రోలుకూ ఉన్న అంకె నీ గీటురాయి మీద గీసి తేల్చినదే.

హద్దు దాటితే ఏమవుతుందో వినాలి. ప్లగ్గు దగ్గర పుట్టిన మంట ఒక అలలా దహన గదిలో పాకుతూ పోవాలి. అది చేరేలోపు దూరపు మూలన నలిగి, వేడెక్కి, వేచి ఉన్న మిశ్రమం ఓపిక పట్టలేక ఒక్కసారిగా తనంతట తానే అంటుకుంటుంది. ఒత్తిడి అలలు గోడ నుంచి గోడకు కొట్టుకుంటాయి. 73 మిల్లీమీటర్ల బోరులో అవి సెకనుకు ఏడు వేల సార్లకు పైగా ఊగుతాయి. బయటికి అది కిటకిటమనే లోహపు చప్పుడు. నాకింగ్ అంటాం. మామూలుగా సిలిండరు గోడలనూ పిస్టన్ తలనూ కాపాడే పలచని గాలి పొరను ఆ అలలు చెరిపేస్తాయి. వేడి సూటిగా లోహానికి తగులుతుంది. పిస్టన్ అంచును తినేస్తుంది, రింగు మెట్టు విరుగుతుంది, గాస్కెట్ కాలుతుంది. అత్యాశకు ఇంజన్ వేసే కేక అది. విన్న వెంటనే కాలు తీయాలి.

నీ మీది ప్రేమతో మనిషి చేసిన పాపమూ ఈ స్తుతిలో ఉండాలి. 1921 డిసెంబరులో అమెరికాలోని డేటన్‌లో థామస్ మిడ్జ్‌లీ బృందం సీసపు సమ్మేళనం ఒకటి పెట్రోలులో కొద్దిగా కలిపితే నాకింగ్ ఆగుతుందని కనిపెట్టింది. కంప్రెషన్ పెరిగింది, కార్లు వేగం అందుకున్నాయి. ఆ సీసం సైలెన్సర్లలోంచి వీధుల్లోకి, వీధుల్లోంచి పసిపిల్లల నెత్తుట్లోకి చేరింది. 1924లోనే దాన్ని తయారుచేసే చోట కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయినా దశాబ్దాల పాటు లోకం ఆగలేదు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో పోయింది. ప్రపంచంలో చిట్టచివరి బంకు అల్జీరియాలో 2021లో మానుకుంది. ఆ పాపంలో నీ వాటా లేదు. నిన్ను తొందరగా, చవకగా పొందాలనుకున్న ఆశదే ఆ వాటా. అందుకే నేడు పాత ఇంజనుకు నిన్ను పెంచే ప్రతివాడి మీదా ఒక బాధ్యత ఉంది. సీసం లేకుండా, విషం లేకుండా, చేతి పనితో, కొలతతో నిన్ను సంపాదించాలి.

తొందరపడితే ఏమవుతుందో బీ సిరీస్ వంశమే చూపించింది. 1958లో వచ్చిన ఎంజీఏ ట్విన్ కామ్‌లో 1588 సీసీ ఇంజన్, రెండు కామ్‌షాఫ్టులు, 9.9 కంప్రెషన్. అందాల ఇంజన్. కానీ పిస్టన్లు కాలి కన్నాలు పడ్డాయి. మంచి పెట్రోలు, కచ్చితమైన టైమింగ్ రెండూ తప్పకుండా కావాలని అడిగేది. లోకం ఆ రెంటినీ ఎప్పుడూ ఇవ్వలేకపోయింది. చివరికి కర్మాగారమే దాన్ని 8.3కు దించింది. అదే వంశంలోని 1489 సీసీ డీజిల్ ఇంజన్ 23 రెట్లు ఒత్తుతుంది, హాయిగా నడుస్తుంది. డీజిల్‌లో ఒత్తేది వట్టి గాలిని, ఇంధనం ఆ తరవాతే వస్తుంది కాబట్టి. అంటే ఎక్కువ తక్కువలు నీలో లేవు. నీ ఎదురుగా ఉన్నదాని ఓర్పులో ఉన్నాయి.

ఇక పని. ఈ పనిలో ప్రతి అడుగూ పూజే.

ముందు ఉన్నది తెలుసుకోవాలి. హెడ్డు దించి, బొగ్గు గీకి, వాల్వులు కూర్చోబెట్టి, ప్లగ్గు బిగించి, గదులు పైకి చూసేలా బల్ల మీద సమంగా పెట్టాలి. అంచు చుట్టూ పలచగా గ్రీజు రాసి, కన్నం ఉన్న అక్రిలిక్ పలక అతికించి, బ్యూరెట్‌లోంచి రంగు కలిపిన కిరోసిన్ చుక్కలు చుక్కలుగా వదలాలి. చివరి గాలిబుడగ కన్నంలోంచి తప్పుకున్న క్షణాన బ్యూరెట్ మీద కనిపించే అంకె ఆ గది పరిమాణం. నాలుగు గదులకూ నాలుగు అంకెలు. దాదాపు ఎప్పుడూ అవి సమానంగా ఉండవు. పోతలో తేడా, వెనకటి గ్రైండింగుల్లో తేడా. పెద్ద గదిని వదిలేసి, చిన్నగదులను దాని స్థాయికి వాల్వుల గోడల దగ్గర మెల్లగా అరగదీసి సమానం చేయాలి. తరవాత హెడ్డు మొత్తాన్ని ఫేసింగ్ చేసి నాలుగింటినీ కలిపి తగ్గించాలి. నలుగురూ ఒకే బరువు లాగితేనే ఇంజన్ ఐడిలింగ్‌లో స్టీరింగు మీద చేయి వణకదు. బలం కంటే ముందు సమానత్వం కావాలంటావు నువ్వు. అందుకు నీకు రెండో దండం.

ఆ గదిని దగ్గరగా చూడండి. హ్యారీ వెస్లేక్ రూపుదిద్దిన గది అది, హృదయాకారం. రెండు వాల్వుల మధ్య నుంచి ప్లగ్గు వైపుకు ఒక ఇనుప ముక్కు పొడుచుకొచ్చి ఉంటుంది. లోపలికొచ్చిన మిశ్రమాన్ని అది సుడి తిప్పుతుంది. గది లేని చోట హెడ్డు చదునుగా పిస్టన్‌కు దగ్గరై, కొనకొచ్చేసరికి అక్కడి మిశ్రమాన్ని ప్లగ్గు వైపుకు తరుముతుంది. సుడి పెరిగితే మంట వేగం పెరుగుతుంది. మంట వేగం పెరిగితే దూరపు మూల అంటుకునే లోపే మంట అక్కడికి చేరుతుంది. కంప్రెషన్ పెంచేవాడు ఆ ముక్కు కొనను, మిల్లింగ్ మిగిల్చిన ప్రతి పదును అంచునూ వేలికి తగలనంత నున్నగా గుండ్రం చేయాలి. పదును ఉన్నచోట ఇనుము ఎర్రబడుతుంది. ఎర్రబడిన చోట మంట ప్లగ్గు ఆజ్ఞకు ఆగదు.

తొమ్మిది సీసీలను ఎక్కడెక్కడి నుంచి తీయాలి? అంతా హెడ్డు నుంచే అంటే ఒప్పుకోకండి. గది నోటి వైశాల్యం ముప్పై చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్క సీసీ తగ్గడానికి మిల్లీమీటరులో మూడో వంతు చెక్కాలి. తొమ్మిదికి మూడు మిల్లీమీటర్లు. అంత చెక్కితే హెడ్డు అడుగు పలచబడి నీటిదారుల పైన వట్టి పొర మిగులుతుంది. కాబట్టి మొదటి చూపు పిస్టన్ మీద. తక్కువ కంప్రెషన్ పిస్టన్ తలలో పల్లం ఉంటుంది. దాని స్థానంలో చదును తల పిస్టన్ వేస్తే ఆ పల్లం పట్టినంతా ఒక్కసారిగా దక్కుతుంది. రెండో చూపు బోరింగు మీద. అరిగిన బ్లాకు బోరును నలభై థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పెంచితే ఇంజన్ దాదాపు 1530 సీసీలవుతుంది. మిగతావేవీ ముట్టుకోకపోయినా 7.2 కాస్తా 7.4 దగ్గరికి చేరుతుంది. అరుగుదల బాగుచేసే పనిలోనే నువ్వు ఒకటిన్నర సీసీలు మాఫీ చేస్తావు. మూడో చూపు గాస్కెట్ మీద. బిగించాక పాతదానికంటే అర మిల్లీమీటరు పలచగా ఉండే గాస్కెట్ రెండు సీసీలకు సమానం. ఇవన్నీ తీసుకున్నాకే మిగిలినదాన్ని హెడ్డు నుంచి చెక్కాలి. అప్పుడు లేత్ షాపులో తీయించాల్సింది కొద్దిపాటే అవుతుంది. ఇనుము మళ్లీ అతకదు కదా.

ఒకటి మారిస్తే చుట్టూ ఉన్నవన్నీ మారాలి. నీ రాకను ఇంట్లో అందరికీ చెప్పాలి. హెడ్డు చెక్కితే రాకర్లు పుష్‌రాడ్లకు దగ్గరవుతాయి. రాకర్ల ఎత్తు సరిచూసి, ట్యాపెట్లు మళ్లీ పెట్టాలి. బిగుతైన మిశ్రమం త్వరగా మండుతుంది కాబట్టి డిస్ట్రిబ్యూటరును ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి తిప్పాలి. చెవితో విని, ఎత్తులో నడిపి, మళ్లీ తిప్పాలి. ప్లగ్గు ఒక మెట్టు చల్లనిది కావాలి. రేడియేటరు గొట్టాల్లోని తుప్పు కడగాలి. మూడు మెయిన్ బేరింగులకు పనిబరువు పెరుగుతుంది కాబట్టి క్రాంకును గ్రైండ్ చేయించి కొత్త షెల్లులు వేయాలి. సీసం లేని పెట్రోలులో మెత్తని ఇనుప సీట్లు దిగబడిపోతాయి కాబట్టి ఎగ్జాస్టు వాల్వులకు గట్టి సీట్లు దిగగొట్టించాలి. ఇన్ని చేయకుండా నిన్ను తెచ్చినవాడు అతిథిని పిలిచి ఆకు వేయనివాడు.

నేటి పెట్రోలుకూ ఒక మాట. మన బంకుల్లో మామూలు పెట్రోలు 91 ఆక్టేన్‌కు తగ్గదు. అంబాసిడర్ తొలినాళ్ల మామూలు పెట్రోలుకు లేని ఓర్పు అది. అందులో కలిపే ఇథనాల్ ఆక్టేన్ నూరు దాటినది. ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తుంది కూడా. కంప్రెషన్‌కు అది మిత్రుడే. కానీ పాత రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపు డయాఫ్రంను తింటుంది. నీటిని పీల్చుకుంటుంది. అదే జెట్టులోంచి పోతే మిశ్రమం పలచబడుతుంది. గొట్టాలు మార్చి, కార్బ్యురేటరును కొంచెం చిక్కగా సవరించుకుంటే ఆ మిత్రుడి మేలు మనకు దక్కుతుంది.

మరి ఎక్కడ ఆగాలి? ఇంగ్లండులో చల్లని సాయంత్రాలకు రాసిన అంకెను కళ్లు మూసుకుని తెచ్చుకోకూడదు. ఒక చిన్న లెక్క వేద్దాం. 7.2 నుంచి 8.3కు వెళితే, కొన దగ్గర మిశ్రమం వేడి సుమారు పాతిక డిగ్రీలు పెరుగుతుంది. లోపలికొచ్చే గాలి 25 డిగ్రీలకు బదులు 45 డిగ్రీలతో వస్తే, కొన దగ్గరికొచ్చేసరికి ఆ తేడా ముప్పై ఐదు డిగ్రీల పైచిలుకవుతుంది. అంటే రామగుండంలోనో రెంటచింతలలోనో రోళ్లు పగిలే రోహిణి కార్తె మధ్యాహ్నం, మనం చెక్కిన తొమ్మిది సీసీల కంటే ఎక్కువ పరీక్ష పెడుతుంది. మన దేశపు ఇంజనుకు హద్దు గీసేది ఆ మధ్యాహ్నమే. తొమ్మిది, తొమ్మిదిన్నర చేయగల నేర్పు చేతిలో ఉన్నా 8.3 దగ్గర ఆగడం నాకు నచ్చుతుంది. ఆ వంశానికి కర్మాగారమే ఇచ్చిన అంకె అది. ట్విన్ కామ్ కాలి కాలి చివరికి తిరిగొచ్చి చేరిన అంకె కూడా అదే. పైగా ఇంత పనీ చేసేది ప్రయాణాలు చేయడానికి, దాచిపెట్టుకోవడానికి కాదు. కాబట్టి ఎండలో, ఎత్తులో, నిండు బరువుతో నిలిచే అంకే నిజమైన అంకె.

అలా నిలిచిన ఇంజన్‌తో ఒక ఘాట్ ఎక్కి చూడండి. మలుపు దగ్గర వేగం పడిపోయాక మునుపు రెండో గేరుకు దిగి బతిమాలాల్సిన చోట, ఇప్పుడు మూడో గేరులోనే యాక్సిలరేటరు కొద్దిగా అడిగితే బండి వాటేసుకుని లాగుతుంది. మీటరు చూడక్కర్లేదు, వీపుకే తెలుస్తుంది. అరకు దారిలో, అనంతగిరి మలుపుల్లో ఇంజన్ గొంతు మారుతుంది. పలచగా మూలిగేది కాస్తా నిండుగా, గుండ్రంగా పలుకుతుంది. ఇంజన్ బ్రేకు కూడా కాస్త గట్టిపడుతుంది. దిగేటప్పుడు కాలు తీస్తే బండి తనను తాను పట్టుకుంటుంది. ఎక్కించినదానివే దించుతావు కూడా. అందుకు నీకు మూడో దండం.

స్తుతి అన్నాక ఫలశ్రుతి ఉండాలి. ఎవరైతే నిన్ను బ్యూరెట్‌తో కొలిచి, నాలుగు గదులనూ సమానం చేసి, పదును అంచులు గుండ్రం చేసి, పెట్రోలు ఓర్పు తెలుసుకుని, వేసవి మధ్యాహ్నానికి తలవంచి పెంచుతారో, వాళ్లకు ఉన్న పెట్రోలులోనే అదనపు మైళ్లు దక్కుతాయి. ఉన్న ఇనుములోనే కొత్త బలం దక్కుతుంది. తుక్కు కొట్టుకు పోవాల్సిన బ్లాకు ఇంకో తరానికి బండి అవుతుంది. కొత్తది కొనకుండా పాతదాన్ని పెంచడమెలాగో చేతులు నేర్చుకుంటాయి. బోరింగు షాపులో, లేత్ మీద, వాల్వు గ్రైండింగు బల్ల దగ్గర ఆ విద్య ఇంకా బతికే ఉంది. దానికి పని ఇవ్వడమే దానికి చేసే గౌరవం.

చివరగా ఒక్క పని మరవకండి. బీఎంసీ వారు ఇంజన్ నంబరులోనే కంప్రెషన్ ఎక్కువైతే హెచ్ అని, తక్కువైతే ఎల్ అని కొట్టేవారు. మీరూ పంచులు తీసుకుని, బోరు సైజు, గది సీసీలు, కొత్త కంప్రెషన్ మూడూ బ్లాకు మీద లోతుగా కొట్టండి. ముప్పై ఏళ్ల తరవాత ఇంకెవరో దాన్ని విప్పుతారు. ఎంత తీశారో, ఎక్కడ ఆగారో వాళ్లకు తెలియాలి. మీరు ఆగిన చోటు నుంచి వాళ్ల లెక్క మొదలవ్వాలి.